దస్తగిరమ్మకు చూపొచ్చిన వైనం

"కుంచె పట్టండి, కళ్లు తెరుచుకుంటాయి" అని మంత్రిగారు పెనుకొండ కల్యాణమండపంలో ప్రకటించగానే అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. ఊరికే బీపీ చూస్తారంటే వచ్చినవాణ్ని, చేతులు ఖాళీగానే ఉన్నాయి.

నిన్నటిదాకా అది ఉచిత కంటి శిబిరం. పొద్దున సర్క్యులర్ వచ్చి 'సృజనాత్మక స్వస్థత మేళా' అయింది. కంటి డాక్టరు కుర్చీలో డ్రాయింగ్ మాస్టారు కూర్చున్నాడు. ఆపరేషన్‌కు ఎంపికైనవాళ్లను హిందూపురం తీసుకెళ్లాల్సిన వ్యానులోంచి రంగుల డబ్బాలు దించుతున్నారు.

నోడల్ ఆఫీసర్ జగదీష్ గారి ఓపిక చూసి తీరాలి. నా పక్క కుర్చీలో ధర్మవరం దస్తగిరమ్మ ఉంది. నలభై ఏళ్లు పట్టుచీరలు నేసిన మనిషి. రెండు కళ్లకూ శుక్లాలు. తెగిన పోగు కనబడక ఆరు నెలలుగా మగ్గం ముట్టలేదు. ఆపరేషన్ అయితే తప్ప ఇంట్లో పొయ్యి వెలిగేలా లేదు. ఆమెకూ ఓ కుంచె ఇచ్చారు.

"సారూ, నా ఆపరేషన్ ఎప్పుడు?"

"ఆపరేషన్ పాత పద్ధతమ్మా. నీ లోపలున్న ఆర్టిస్టును బయటికి రానీ."

"లోపల ఎవురూ లేరు సారూ. కండ్లల్లో పొర ఉండాది. అది బయటికి తీస్తే చాలు."

జగదీష్ గారు ఫారంలో 'ధారాళంగా మాట్లాడుతోంది. వెల్‌నెస్ నలభై శాతం' అని రాసుకున్నారు.

దస్తగిరమ్మ కుంచెను తడిమి చూసింది. "వెంట్రుకలు రాలిపోతాండాయి సారూ."

'అరవై శాతం' అని దిద్దారు.

అంతలో మంత్రిగారు దిగివచ్చి ఆమెకు శాలువా కప్పారు. "అచ్చమైన ధర్మవరం చేనేత. మా ప్రభుత్వం మీ వృత్తికిచ్చే గౌరవం తల్లీ."

ఆమె శాలువా అంచును రెండు వేళ్ల మధ్య నలిపింది.

"ఇది చేతిమగ్గంది కాదు సారూ, మరమగ్గంది. పట్టు గూడా కాదు."

జగదీష్ గారి ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. కానీ సమర్థుడైన అధికారి ఎవరో తెలిసేది ఇలాంటప్పుడే. ఆయన మైకు అందుకున్నారు.

"సార్, పొద్దున ఎన్ని వేళ్లు చూపించానో చెప్పలేని మనిషి, ఇప్పుడు బట్టను చూసి ఏ మగ్గానిదో చెబుతోంది."

చప్పట్లు ఆగలేదు. మంత్రిగారి కళ్లు చెమర్చాయి. ఫారంలో నూరు శాతం పడింది.

మధ్యాహ్నం వ్యాను హిందూపురం బయలుదేరింది, సీట్ల నిండా బొమ్మలతో. అక్కడ ఎగ్జిబిషనట. దస్తగిరమ్మ నా మోచెయ్యి పట్టుకుని బస్టాండుకు నడిచింది. దారిలో, వాళ్లిచ్చిన కాగితం నాకందించింది.

"ఆపరేషన్ ఏ తేదీనో సూడప్పా."

చూశాను. 'చూపు వచ్చినది. జాబితా నుండి పేరు తొలగించడమైనది.' పొద్దున అందరికంటే ముందు చప్పట్లు కొట్టినందుకు సిగ్గేసింది.

"తేదీ ఇంకా వెయ్యలేదమ్మా" అన్నాను.

ఆమె కాగితం తీసుకుని, అంచును రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"శాలువా మాదిరి కాదప్పా. కాగితం మాత్రం మంచిదే ఇచ్చినారు" అని భద్రంగా మడిచి రవికెలో పెట్టుకుంది.