పురుగులు లేస్తే డప్పు

ఆ పొద్దు యాకయ్య పెట్టుకున్న పని ఒక్కటే: మంచె మీద కూర్చొని, పెండ్లాం బుచ్చమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె నిమ్మళంగా తినడం. రజాకార్లు పాలకుర్తి చుట్టుపక్కల ఊళ్ల మీద పడుతున్న రోజులవి. కావలి కాసి డప్పు కొట్టే పని సంఘం అతనికి అప్పగించింది. మనిషి కనబడేదాకా చూస్తూ కూర్చునే రకం కాదు యాకయ్య. ఊరి ముందరి ఎండుగడ్డి బీడులో గోరంత చిమ్మటలుంటాయి. అడుగు పడితే గుప్పున లేస్తాయి. పురుగులు లేచాయంటే శత్రువు వచ్చినట్టేనని అతని శాస్త్రం. ఆ శాస్త్రం ఇదివరకే ఒకసారి మేకల మంద మీదికి, మరోసారి సొంత అత్తగారి మీదికి ఊరిని ఉసిగొల్పింది.

"ఇంకొక్కపారి ఉత్తగనే కొట్టినవో, డప్పు గుంజుకొని నీ బామ్మర్దికిస్త," అని సంఘం నాయకుడు ఓదెలు తేల్చి చెప్పాడు. బామ్మర్ది చేతిలో తన డప్పు! ఆ మాట తలుచుకుంటూనే యాకయ్య రొట్టె మూట విప్పాడు.

రొట్టె తుంచాడో లేదో, బీడు నడుమ పురుగులు లేచాయి. కాసేపు బిగబట్టుకున్నాడు. మళ్లీ లేచాయి. ఇక ఆగలేక డప్పు వాయించాడు.

ఊరంతా వడిసెలలు, కారప్పొడి పట్టుకొని గడ్డిలోకి ఉరికింది. అంతమంది ఉరికితే పురుగులు ఊరుకుంటాయా? బీడంతా లేచాయి. "ఓర్నాయినో, దండే వచ్చింది!" అని యాకయ్య ఇంకా గట్టిగా బాదాడు. ఆ మోత విని తూర్పున ఉన్న లంబాడీ తండా నుంచి భీమ్లా తనవాళ్లను వెంటేసుకొని సాయానికి పరుగెత్తుకొచ్చాడు. అటువైపూ పురుగులు లేచాయి.

"తూర్పు దిక్కు సుత వచ్చిన్రు! కొట్టున్రి!" యాకయ్య కేక పెట్టాడు.

రాళ్లు లేచాయి. బుచ్చమ్మ చల్లిన కారం, గాలి తిరిగి ఓదెలు కళ్లలోనే పడింది.

"మేమే, అక్కా, మేమే! జర ఆగున్రి!" భీమ్లా నెత్తి పట్టుకొని అరిచాడు.

తుమ్ములు తగ్గాక ఓదెలు కళ్లు నలుపుకుంటూ మంచె దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. "తే, డప్పు."

"అన్నా, నడుమల నిజంగనే ఎవలో ఉన్నరే!"

"ఉన్నరు. మేమే."

యాకయ్యకు ఏడుపొచ్చింది. డప్పు భుజం నుంచి తీయబోతుండగా, గడ్డిని కరుచుకొని పడుకున్న మనిషి ఒకడు చేతులు పైకెత్తి లేచాడు. ఒక చేతిలో చెంబుంది. ఊరి దొర పట్నం పారిపోతూ తన గడీకి కాపలా పెట్టిన గుమస్తా! పొద్దున్నే పనిమీద వచ్చి కూర్చున్నవాడు, ఊరూ తండా కలిసి తనకోసమే వచ్చాయనుకున్నాడు.

"బాంచెన్, చంపకున్రి! వడ్ల పాతర పశువుల కొట్టం కింద ఉన్నది. దొర చెప్పొద్దన్నడు, నేను చెప్పిన!"

దొర ఊరి వడ్లు దాచిపెట్టిన, సంఘం ఎన్నాళ్లుగానో వెతుకుతున్న పాతర అది. ఓదెలు చాపిన చేత్తోనే యాకయ్య భుజం తట్టి, గడీ వైపు నడిచాడు.

సాయంత్రానికి వడ్లు ఇంటింటికీ చేరాయి. డప్పు యాకయ్య దగ్గరే ఉండిపోయింది. ఆనాటి నుంచి గడీవాళ్లెవరూ చెంబు పట్టుకొని బయటికి రాలేదు. వాళ్ల అవస్థ ఎట్లా తీరుతున్నదో విచారించడానికి సంఘం ఎవరినీ నియమించలేదు.