గుత్తివంకాయలో కలిసిపోయిన క్లైమాక్స్

సముద్రంలోంచి లేచిన ఏడు చేతుల రాక్షసుడు కథానాయకుడి పీక నులమబోతున్న క్షణంలో టీవీ తెర మీద గుత్తివంకాయ కూర ప్రత్యక్షమయ్యేసరికి, అచ్యుతరామయ్య గావుకేక పెట్టి కుర్చీలోంచి లేచాడు.

"వంకాయలు లేతగా ఉండాలి. ఉప్పునీళ్ళలో వేసి ఉంచుకోండి," అంది తెర మీద ఓ ఆవిడ, చిరునవ్వు చెదరకుండా.

క్యాసెట్టు ముందుకు తిప్పాడు. వంకాయలు. ఇంకా ముందుకు తిప్పాడు. వంకాయలు, నూనెలో. చివరికంటా తిప్పాడు. కూర దింపేశారు.

అది సింగపూర్ నుంచి తెప్పించిన జపాను బొమ్మల సినిమా. అరచేతుల్లోంచి పిడుగులు వదిలే కుర్రాడు, రీలుకో నెత్తుటి వరద. నిర్మాత సూర్యప్రకాశరావు ఆ క్యాసెట్టును జూబ్లీహిల్స్‌లోని తన ఇంటి గడప దాటనివ్వడు. సంగతి ఫిల్మ్‌నగర్‌కి పొక్కితే ఎవడో ఒకడు మూడు వారాల్లో అదే కథ చుట్టేసి విడుదల చేస్తాడని భయం. అందుకే రచయిత అచ్యుతరామయ్య రోజూ అక్కడికే వచ్చి, అరగంట సినిమా చూసి, ఆ అరగంటనీ తెలుగు చేసి వెళ్ళేవాడు. ఇవాళ మిగిలింది చివరి అరగంట. సాయంత్రం నాలుగింటికి, దశమి దాటకముందే, హీరోకి కథ వినిపించాలి.

పద్దెనిమిదేళ్ళుగా ఇతరుల పేర్ల వెనక కూర్చుని రాసిన మనిషి. హీరో ఊఁ అంటే మొట్టమొదటిసారి తెర మీద 'కథ: అచ్యుతరామయ్య' అని పడుతుంది. క్లైమాక్సు లేని కథకి ఏ హీరో ఊఁ అంటాడు?

"కంగారుపడకు!" వెనకనుంచి ఓ గొంతు ఖంగుమంది. "ఈ లోకంలో నేరాలు రెండే రకాలు. నేను ఛేదించినవి, నా చెవిన పడనివి. ఇది నా చెవిన పడింది!"

ఇంకెవరు? కంపెనీ ప్రొడక్షన్ మేనేజర్, చిన్ననాటి స్నేహితుడు త్రినాథరావు. కాస్ట్యూమ్స్ గదిలోంచి లాయరు పాత్ర నల్లకోటు తొడుక్కుని, మే నెల ఎండలో చెమట ధారలు కడుతుండగా నిలబడ్డాడు. కిందటి నెల విలన్ విగ్గు పోయిందని ఫిల్మ్‌నగరంతా గాలించి, చివరికి దాన్ని విలన్ నెత్తి మీదే కనిపెట్టిన ఘనుడు.

"త్రినాథం, నీకు దణ్ణం పెడతాను. వెళ్ళిపో."

"ఆగరా!" త్రినాథరావు క్యాసెట్టును కిటికీ వెలుగులో తిప్పి చూశాడు. మూల ఉండే చిన్న ప్లాస్టిక్ రేకు విరిచేసి, చిల్లు మిగిలింది. "చూశావా? ఈ రేకు విరిచిన క్యాసెట్టు మీద ఎవడూ ఏమీ రికార్డు చెయ్యలేడు. అయినా చేశాడు. అంటే ఏమిటి?"

"ఏమిటి?"

"మామూలు మనిషి కాడు. ఈ సినిమాలో కుర్రాడిలాగే చేతుల్లో కరెంటున్నవాడు!"

అచ్యుతరామయ్య నుదురు కొట్టుకున్నాడు. త్రినాథరావు అప్పటికే లైట్‌బాయ్‌ల పెట్టెలోంచి టెస్టరు తీసుకుని గేటు దగ్గరికి పరిగెత్తాడు. వాచ్‌మన్ జంగయ్య స్టూలు మీద కునుకు తీస్తున్నాడు. త్రినాథరావు చప్పుడు చెయ్యకుండా వెళ్ళి, టెస్టరు అతని మోచేతికి ఆనించాడు.

"అమ్మా! గిదేంది సార్, పొడుస్తున్నరు?"

"నిజం చెప్పు జంగయ్యా. నీ ఒంట్లో కరెంటుందా?"

"నా ఒంట్లనా? మా బోరబండలనే దినాం కరెంటు పోతది. నా ఒంట్లకి ఏడికెల్లొస్తది సార్?"

"తెలివైన జవాబు. మరీ తెలివైనది," అని త్రినాథరావు నోటుబుక్కులో రాసుకున్నాడు.

మూడున్నరలోగా డ్రైవరునీ, తోటమాలినీ, ఫ్రిజ్ బాగుచెయ్యడానికి వచ్చిన మనిషినీ పొడిచాడు. ఆ చివరాయన చేతిలో వైరుండడంతో టెస్టరు నిజంగానే వెలిగింది. త్రినాథరావు అతన్ని పట్టుకోబోయి, షాకు కొట్టి, పది నిమిషాలు పోర్టికోలో పడుకున్నాడు.

నాలుగింటికి హీరో వచ్చాడు. హాల్లో సోఫాలో కూర్చున్నాడు. పక్కన సూర్యప్రకాశరావు. ఓ మూల నిర్మాత తల్లి జగదాంబ చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది. అచ్యుతరామయ్య గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. పిడుగులకి హీరో ముందుకు జరిగాడు. నెత్తుటికి కాఫీ పక్కన పెట్టేశాడు. ఏడు చేతుల రాక్షసుడు వచ్చేసరికి సోఫా అంచు మీదికొచ్చాడు.

"అద్భుతం! తర్వాత?"

అచ్యుతరామయ్య కాగితాల కట్ట తిరగేశాడు, ఇంక పేజీ లేదు. పద్దెనిమిదేళ్ళు కళ్ళముందు కదిలాయి.

"తర్వాతేమిటో తెలిసిన దుర్మార్గుడు ఈ హాల్లోనే ఉన్నాడు!" అంటూ త్రినాథరావు కర్టెన్ చాటు నుంచి దూకాడు. టెస్టరు ఎత్తి సరాసరి హీరో మీదికే నడిచాడు. "క్షమించాలి సార్, చట్టం ముందు అందరూ..."

మాట పూర్తికాలేదు. కాలికి వైరు తగిలి, వీసీఆర్ మీద బోర్లా పడ్డాడు. మోచెయ్యి రికార్డు బటన్ మీద పడింది. మిషను కటకటమని క్యాసెట్టును బయటికి కక్కేసింది.

"ఆ ఎర్ర బటనొక్కటీ నొక్కితే ఎక్కదు నాయనా," అంది జగదాంబ, చిక్కుడుకాయ మీంచి చూపు తిప్పకుండా. "ముందు ఆ మూల చిల్లుకి ప్లాస్టరు అంటించాలి."

అందరూ ఆవిడవైపు తిరిగారు.

"అమ్మా, ఆ సంగతి నీకెలా తెలుసు?" అన్నాడు సూర్యప్రకాశరావు.

"నేను అనుకుంటూనే ఉన్నాను!" అన్నాడు నేల మీంచి త్రినాథరావు.

"అయితే ఆ సినిమా మీరు మొత్తం చూశారా అమ్మగారూ?" అచ్యుతరామయ్య ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "ఆ రాక్షసుడు చివరికి ఎలా చచ్చాడు? చెప్పండి, మీకు పుణ్యముంటుంది!"

"ఎలా ఏముంది? నరికినకొద్దీ చేతులు మొలుస్తున్నాయా, ఆ కుర్రాడు నరకడం మానేసి స్తంభాల మధ్య అటూ ఇటూ పరిగెత్తాడు. వీడు చేతులన్నీ చాచి వెంటపడ్డాడు. ఏడు చేతులూ జడలా అల్లుకుపోయి ముడిపడ్డాయి. అప్పుడు వేశాడు పిడుగు!" చేట ఎగిరి చిక్కుడు గింజలు హాలంతా దొర్లాయి.

హీరో లేచి చప్పట్లు కొట్టాడు. "చేస్తున్నానండీ ఈ సినిమా! కథ అని బామ్మగారి పేరే వేయించండి!"

అచ్యుతరామయ్య ముఖం మాడిపోయింది. జగదాంబ ఉలిక్కిపడి చేట కింద పెట్టింది.

"వద్దు బాబూ, వద్దు! చేసిన తప్పు ఒప్పుకుంటాను. చెరిపింది నేనే. ఆ చివరి అరగంట చూశాక రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. బొమ్మలు కదా అని మనవలు చూస్తే జడుసుకోరూ? అందుకే దాని మీద వంకాయలు ఎక్కించాను. ముందుదంతా కూడా చెరిపేద్దును, ఆ వంటల కార్యక్రమం అరగంటే వచ్చి చచ్చింది. మీరు కేకలేస్తారని ప్లాస్టరు కూడా పీకేశాను. అంతేగానీ అంత నెత్తుటి కథ నా పేరున పడితే భీమవరంలో మా వాళ్ళకి మొహం ఎలా చూపించను? ఆ పేరేదో ఈ అచ్యుతానిదే వేసెయ్యండి. ఆయనకైతే నెత్తుటి కథలు అలవాటే!"