ఇన్‌స్పెక్టర్ గారి క్రిటికల్ థింకింగ్

మానుకోట విద్యార్థులు సోమవారం నుంచి భద్రత గురించి విమర్శనాత్మకంగా ఆలోచిస్తారని పోలీసు ఇన్‌స్పెక్టర్ జగపతి గారు మా కాలేజీలో మైకు ముందు ప్రకటించారు. అంతవరకు ఎవరూ తొందరపడొద్దని కూడా కోరారు. తెలంగాణ కోసం జనమంతా రోడ్డెక్కిన రోజులవి. నెట్‌లో ఏది నిజమో, ఏది పుకారో తేల్చగల పిల్లలు కావాలని తోచడం ఆయన ముందుచూపు. వాళ్లను తయారుచేసే భారం కంప్యూటర్ లెక్చరర్‌నైన నా మీద పడింది.

నేనేమైనా తక్కువ తిన్నానా. పిల్లలు పట్టుకోవడానికని ఒక దొంగ వార్త నేనే రాసి బ్లాగులో పెట్టాను. 'కురవి అవతలి తండాలో రైల్వే గేటును ట్రాక్టర్ మీద ఎత్తుకుపోయేందుకు ప్రేమ్‌సింగ్ అనే యువకుడి కుట్ర.' పేరు నా ఊహే. తండాకొక ప్రేమ్‌సింగ్ ఉంటాడన్న సంగతి మాత్రం నా ఊహకు అందలేదు. చూడాల్సిన లింకులతో పాటు మూడు ప్రశ్నలూ ఇచ్చాను: ఎవరు రాశారు? ఎందుకు రాశారు? ఎవరికి లాభం?

"మా తండాకు బస్సే రాదు సార్. రైలు గేటు ఏడికెల్లి వచ్చింది?" అంది సంగీత అనే అమ్మాయి, ఒక్క లింకూ తెరవకుండానే. పద్ధతి ప్రకారం పరిశోధించలేదని ఆమెకు మార్కులు తగ్గించాను.

మర్నాడు సంగీత స్టాఫ్‌రూముకు వచ్చింది. "సార్, మా అన్న ప్రేమ్‌సింగ్‌ను ఠాణాల కూసోవెట్టిండ్రు. రేపు మిలట్రీ సెలక్షన్ ఉన్నది. కేసు వడితే ఇగ తీస్కోరు."

ఆమెతో కలిసి ఠాణాకు పరుగెత్తాను.

"గది దొంగ వార్త సార్. పాఠం కోసం నేనే రాసిన."

"నెట్ల ఉన్నది గద" అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు.

"నేను వెట్టిందే సార్."

"దొంగదని నెట్ల ఏడున్నది? చూపియ్యుండ్రి."

ఆధారం లేనిదే ఏదీ నమ్మని ఆ నిష్ఠకు ముచ్చటేసింది. ఎదురుగా ఉన్న నెట్ సెంటర్‌లో కూర్చుని, 'మొన్నటి వార్త అబద్ధం, రాసింది నేనే' అని పేరుతో సహా బ్లాగులో పెట్టాను. ఇన్‌స్పెక్టర్ గారు అది ఠాణా కంప్యూటర్‌లో రెండుసార్లు చదివారు. "గిట్ల ఆధారం ఉండాలె" అని మెచ్చుకుని ప్రేమ్‌సింగ్‌ను వదిలేశారు.

"రెండూ మీరే రాసిండ్రు గద సార్. రెండోది ఎట్ల నమ్మిండు?" అని గడప దగ్గర సంగీత నన్ను మెల్లగా అడిగింది. ఈ పిల్లకు మార్కులు కలపాలనుకున్నాను.

"లెక్చరర్ సాబ్, జర ఆగుండ్రి" అని లోపలి నుంచి పిలుపు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ గారు ఇంకా కంప్యూటర్ వైపే చూస్తున్నారు.

"ఎవరు రాసిండ్రో తెలిసింది. ఎందుకు రాసిండ్రు? ఎవరికి లాభం?"

నా పాఠాన్ని ఇంత శ్రద్ధగా అమలు చేసినవారు ఇంకొకరు లేరు. కూర్చోమన్నారు, కూర్చున్నాను. బెంచీ మీద ప్రేమ్‌సింగ్ లేచిన చోటు ఇంకా వెచ్చగానే ఉంది.