పక్షపాతం లేని పక్షం

ఒక పెద్ద అడవిలో పిట్ట పాడాలంటే పర్మిట్ కావాలి. ఆ రూలు తాతల నాటిదేం కాదు. ధవళాంగం అనే కొంగ పాటల మండలికి అధ్యక్షుడయ్యాక వచ్చింది. ఆయన చేప కోసం ఒంటికాలి మీద నిలబడితే చుట్టూ పిట్టల గోల అడ్డమట. పర్మిట్ లేని పిట్ట పాడకూడదు, గూడూ కట్టకూడదు.

రూలు రాసింది కొంగే అయినా అమలు చేసేది గుమాస్తా తాబేలు. కాగితం మీద ఇలా ఉంది: "పక్షపాతం లేని పక్షంలో పరీక్ష జరపవలెను."

మామూలు వాడైతే, పక్షపాతం లేకపోతే పరీక్ష పెట్టుకోమన్నారని చదువుకుంటాడు. తాబేలు అంత మామూలు వాడు కాదు, నలభై ఏళ్ల సర్వీసు ఉన్నవాడు. పక్షమంటే పదిహేను రోజులు కదా, పక్షపాతం లేని ఆ పదిహేను రోజులు ఏవో వెతకాలనుకున్నాడు. పంచాంగం చంకన పెట్టుకుని ఏడాది పొడుగునా అడవంతా తిరిగాడు. పుష్య బహుళంలో ఏ ఆడపిట్టా ఏ మగపిట్ట వైపూ తల తిప్పడం లేదని కనిపెట్టాడు.

"దొరికింది సార్!"

"శభాష్! మనం ఉద్దేశించింది అదే," అన్నాడు కొంగ, అదేం కాకపోయినా.

ఆ చలిలో ఈలయ్య పరీక్షకు వచ్చాడు. ఈలయ్య ఒక పిగిలిపిట్ట. పర్మిట్ వస్తే తురాయితో కలిసి ఈ ఏడు గూడు కట్టుకోవాలని వాడి ఆశ. తురాయి కూడా పిగిలిపిట్టే. మండలి ఆమెనే శ్రోతగా కూర్చోబెట్టింది.

"తెలిసినవాళ్లు కదయ్యా?" అని కొంగ అనుమానపడ్డాడు.

"పుష్యంలో ఎవరైనా ఒకటే సార్," అన్నాడు తాబేలు.

ఈలయ్య ప్రాణం పెట్టి పాడాడు. పోలిక కోసం వడ్రంగిపిట్ట చేత ఎండు మానును నాలుగుసార్లు కొట్టించారు. తురాయి కళ్లు మూసుకుని శ్రద్ధగా వింది.

"రెండూ చప్పుళ్లేనండీ," అంది నిజాయితీగా. "రెండోది కాస్త పొడి చప్పుడు."

"పాటకూ కర్ర చప్పుడుకూ తేడా లేదు కనుక ఇది పాట కాదు" అని తాబేలు రాశాడు. తురాయి గోటితో సంతకం పెట్టింది. ఈలయ్య తల వాల్చుకుని ఎగిరిపోయాడు.

చైత్రం వచ్చింది, పొద్దు పెరిగింది. తురాయి మోదుగ పువ్వులో తేనె తాగుతుంటే పక్క పొదలో ఎవరో సన్నగా పాడుకుంటున్నారు. ఆమె తాగడం మర్చిపోయింది. ఒళ్లంతా చెవులైపోయింది.

"ఎవరిదీ పాట?"

"నాదే," అన్నాడు ఈలయ్య. "నువ్వు కర్ర చప్పుడన్నది ఇదే."

"అప్పుడు పాడింది ఇది కాదు!"

"అక్షరం మార్చలేదు."

తురాయి ఏడ్చుకుంటూ గుడ్లగూబ డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. పట్టపగలు కాబట్టి ఆయన ఒక కన్నే తెరిచాడు.

"నీ చెవి చెడలేదమ్మా, వాడి పాటా మారలేదు. పొద్దు పెరిగితే నీ ఒంట్లో ఒక హార్మోను ఊరుతుంది. అది మెదడుకు చేరితేనే పాట వేరు, చప్పుడు వేరు అని మెదడు గట్టిగా పోల్చుకుంటుంది. పుష్యంలో అది అడుగంటి ఉంటుంది. అప్పుడు ఎవరు పాడినా నీకు ఒకటే."

ఆ మాటే సర్టిఫికెట్టుగా రాయించుకుని తురాయి మండలికి వెళ్లింది. తన సంతకం వెనక్కి తీసుకుంటానంది.

"హార్మోను వచ్చిందని నువ్వే ఒప్పుకుంటున్నావు," అన్నాడు కొంగ. "అంటే పక్షపాతం వచ్చినట్టే. నీ మాట చెల్లదు."

"వచ్చే పుష్యంలో అర్జీ పెట్టుకోండమ్మా," అన్నాడు తాబేలు దయగా. "అప్పటికీ మీ అభిప్రాయం ఇదే అయితే చూద్దాం."

"అప్పటికి ఉండదండీ!"

"ఉండకపోతే అర్జీయే అక్కర్లేదు."

తురాయి, ఈలయ్య ఆ సాయంత్రమే వాగు దాటేశారు. అవతలి గట్టు మీద మండలి లేదు. వాళ్ల వెనకే గోరింకలు, గిజిగాళ్లు, ఒక్కొక్కరే అందరూ వెళ్లిపోయారు. కొంగకు కావలసినంత నిశ్శబ్దం దొరికింది.

శ్రావణంలో కొంగ వీపు మీద పట్టుకుచ్చుల్లాంటి ఈకలు వచ్చాయి. చేపల మీద ధ్యాస పోయింది. వాగు అవతల ఒక ఆడకొంగ కనిపిస్తే గొంతు విప్పాలనిపించింది. ఆ గొంతు ఎలాంటిదో మనకెందుకు, ఆయనకు మాత్రం ముచ్చటగానే ఉంది.

"నాకో పర్మిట్ రాయవయ్యా," అన్నాడు సిగ్గుపడుతూ.

"పుష్య బహుళంలో రండి సార్."

"అప్పటికి ఈ ఈకలుండవు. నాకు పాడాలనీ ఉండదు!"

"అప్పుడైతే పక్షపాతం బొత్తిగా ఉండదు సార్."

"అయితే ఆ రూలే కొట్టెయ్!"

"కొట్టెయ్యమంటున్నది ఎవరు సార్?" తాబేలు కళ్లజోడు సర్దుకున్నాడు. "ఈకలు వేసినవారు."

కొంగ కాసేపు నిలబడ్డాడు, ఈసారి రెండు కాళ్ల మీదా. తర్వాత మెల్లగా వాగులో దిగి అవతలికి నడిచాడు. అక్కడ పొదలో తురాయి మూడు గుడ్లు పొదుగుతోంది.

"అమ్మా, ఇక్కడ పాడుకోవచ్చా?" అని అడిగి, జవాబు రాకముందే ఒకసారి గొంతు విప్పాడు.

"నాకైతే కర్ర చప్పుడేనండీ," అంది తురాయి నవ్వుతూ. "కానీ అది వినాల్సింది నేను కాదుగా, పాడుకోండి."

ఇవతల తాబేలు వార్షిక నివేదిక రాస్తున్నాడు: "ఈ సంవత్సరం అడవిలో పక్షపాతం పూర్తిగా నిర్మూలించబడినది. పక్షులు కూడా."

నీతి: తీర్పు నూటికి నూరుపాళ్లు నిష్పక్షపాతంగా ఉండాలంటే, ఎవరికీ ఏమీ వినబుద్ధి కాని రోజు చూసి చెప్పాలి.