మెడపట్టీ ఉన్నవారికే ప్రవేశం

ఒక పెద్ద అడవిలో, ఏరు మలుపు తిరిగే చోట, గుబురయ్య అనే ఎలుగుబంటి కిరాణా కొట్టు నడిపేవాడు. రేకుల షెడ్డు, ముందు ఒక చెక్క బల్ల, బల్ల మీద తక్కెడ. కొనేవాళ్ళందరూ బల్లకి ఇవతల ఎండలో నిలబడి అరిచేవాళ్ళు. బెల్లం కావాలని అడవిపంది, అటుకులు కావాలని కుందేలు, గోధుమరవ్వ కావాలని కుక్క. గుబురయ్య చేతికందింది తూచి పొట్లం కట్టేవాడు. అందరికీ పుచ్చు సరుకే వచ్చేది కాబట్టి, అడవిలో అందరూ సమానమేనని అందరూ నమ్మేవాళ్ళు.

ఒకసారి గుబురయ్య పట్నం పోయి వచ్చాడు. రాగానే షెడ్డు పీకించి గోడలు కట్టించాడు, అద్దాల తలుపు పెట్టించాడు. లోపల వరసగా అరలు, గుమ్మంలో బుట్టలు, పైన "గుబురయ్య సూపర్ మార్కెట్" అని బోర్డు. ఇకమీదట ఎవరికి వాళ్ళే లోపలికెళ్ళి, చూసుకుని, ఏరుకుని తెచ్చుకోవచ్చు.

అందరికంటే ఎక్కువ సంబరపడింది సింగారి. ఏటి ఒడ్డున బొరియలో పిల్లలతో ఉండే కుక్క అది. పిల్లలు పాలు మాని ఇప్పుడిప్పుడే జావ తాగుతున్నాయి. పోయినసారి గుబురయ్య కట్టిచ్చిన రవ్వలో సగం పురుగులే. ఆ జావ తాగి పిల్లలన్నీ వాంతులు చేసుకుని, తోకలు కూడా ఎత్తలేక పడుకున్నాయి. చిన్నదైతే ఇంకా కోలుకోలేదు. మంచి రవ్వేదో, పాడైందేదో సింగారి ముక్కుకి తెలుసు. ఆ ముక్కు రవ్వ దాకా వెళ్ళే దారే ఇన్నాళ్ళూ లేకపోయింది.

కొట్టు తెరిచిన పొద్దున బుట్ట నోట కరుచుకుని వరసలో నిలబడింది. దాని వంతు వచ్చేసరికి గుబురయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వెక్కడికి?"

"రవ్వకి" అంది సింగారి, బుట్ట కింద పెట్టి.

"కుక్కలు లోపలికి రాకూడదు."

"ఎందుకని?"

"బొచ్చు రాలుతుంది" అన్నాడు గుబురయ్య. అంటూనే రొమ్ము గోక్కున్నాడు. గుప్పెడు బొచ్చు రాలి పక్కనున్న కందిపప్పు బుట్టలో పడింది. ఉఫ్ అని ఊదేశాడు. అది పోయి పెసరపప్పులో పడింది.

"అదిగో, పక్కన కిటికీ పెట్టించాను. అక్కడ నిలబడి అడుగు, నేనే కట్టిస్తా."

"వాసన చూసుకోనిస్తావా?"

"కిటికీలోంచి నీ ముక్కు లోపలికొస్తే నువ్వొచ్చినట్టు కాదూ?"

సింగారి బుట్ట అక్కడే వదిలేసి తిన్నగా అడవి సభకి వెళ్ళింది.

సభలో ఇలాంటి విషయాలు చూసేది పరిశుభ్రత సంఘం. దాని అధ్యక్షులు వరహాలరావు గారు, అడవిపంది. ఆయన పొద్దుటి నుంచి బురదలో పొర్లి, ఎండలో కాస్త ఆరి, పైన ఇస్త్రీ కండువా వేసుకుని వచ్చారు. మాట్లాడుతుంటే ఒంటి మీది పెళ్ళలు టపటపా ఊడి పడుతున్నాయి.

"పరిశుభ్రత విషయంలో రాజీపడే ప్రసక్తే లేదు" అన్నారాయన. "కుక్క ప్రతిదీ మూతి పెట్టి చూస్తుంది. తినే సరుకు దగ్గర మూతి పెట్టడమేమిటి, అసహ్యంగా!" అని, బల్ల మీదున్న చిలగడదుంపల్ని మూతితో కెలికి, మంచిది చూసి నోట్లో వేసుకున్నారు.

కార్యదర్శి అంజిబాబు అనే కొండముచ్చు. అందరికీ నచ్చేలా మాట్లాడతాడని పేరు. "నాకు కుక్కలంటే చాలా గౌరవమండీ. మా పెరటివైపు ఎప్పుడూ వస్తూపోతూ ఉంటాయి. అయినా, ఎవరి చోటు వాళ్ళకుంటేనే అందం" అన్నాడు.

"నాకు భయం" అంది కుందేలు. అది సభలో ఏ విషయం మీదైనా చెప్పేది ఆ ఒక్కమాటే.

"నేను దేన్నీ ముట్టుకోనండీ" అంది సింగారి. "రవ్వ సంచీ మూతి విప్పి ఒక్కసారి వాసన చూడనివ్వండి. పిల్లలకి పెట్టేది. బాగుంటే డబ్బిచ్చి తీసుకుంటా. అందరూ ఏరుకుంటున్నారు కదా!"

"అందరూ వేరు" అన్నారు వరహాలరావు గారు. తీర్మానం ఏకగ్రీవమైంది. ఒళ్ళు మండిపోయినా సింగారి మూతి బిగించుకుని ఇంటిదారి పట్టింది. పళ్ళు కనబడితే అదొక కారణమవుతుందని దానికి తెలుసు.

ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. తెల్లారి చిరుతపులి చిత్రాంగి మేడమ్ కొట్టుకొచ్చింది. ఆవిడ చంకలో పింకీ ఉంది. పింకీ పట్నం నుంచి తెప్పించుకున్న కుక్కపిల్ల. దానికి గులాబీరంగు గౌను, మెడలో మెరిసే పట్టీ, దాని కొస మేడమ్ చేతిలో.

గుబురయ్య పింకీ వైపు చూశాడు. తర్వాత మేడమ్ కోరల వైపు చూశాడు. తలుపు బార్లా తీశాడు.

"రండి మేడమ్, రండి! పాప ఎంత ముద్దుగా ఉందో!"

పింకీ మేడమ్ చంకలోంచే బెల్లం అచ్చుల్ని ఒక చివర నుంచి నాకుతూ పోయింది. "పసిది కదండీ, నాకనివ్వండి" అన్నాడు గుబురయ్య. మేడమ్ వరసలో నిలబడితే పింకీకి చిరాకొస్తుందట. ఆమెని ముందుకు పంపాడు. నాకిన బెల్లానికి డబ్బు అడగలేదు. అడగాలంటే దగ్గరికెళ్ళాలి మరి.

కిటికీ దగ్గర నిలబడ్డ సింగారికి ఇదంతా కనబడింది.

"అది కుక్క కాదా?"

"అది పింకీ" అన్నాడు గుబురయ్య.

పింకీ మేడమ్ భుజం మీంచి మొహం బయటపెట్టింది. "అక్కా, లోపల చల్లగా ఉంటుంది. కానీ నన్ను కింద దింపరు" అంది నెమ్మదిగా. మేడమ్ దాని తల లోపలికి నొక్కేసింది.

ఈ సంగతి నలుగురి నోట్లో పడేసరికి సభ మళ్ళీ కూర్చోవాల్సి వచ్చింది. కుక్కలు రాకూడదన్న తీర్మానం ఉండగా పింకీ ఎలా వచ్చింది? మేడమ్‌ని వద్దనే మొనగాడు అడవిలో లేడు. అందుకని పింకీ కుక్క కాదని తేల్చాలి, సింగారి కుక్కేనని తేల్చాలి, మేడమ్ పేరు మాత్రం ఎక్కడా రాకూడదు. ఇలాంటి పనికే అంజిబాబు పుట్టాడు. గొంతు సవరించుకుని చదివాడు.

"మెడలో పట్టీ ఉన్న ప్రతి ప్రాణీ పెంపుడు కుక్క. ఆ పట్టీ కొస పట్టుకున్న ప్రతి ప్రాణీ యజమాని. పెంపుడు కుక్క యజమానితో పాటు వరస లేకుండా లోపలికి పోవచ్చును, సరుకు రుచి చూడవచ్చును, రుచికి డబ్బు లేదు. యజమాని వదిలేసిన పెంపుడు కుక్క వీధికుక్క. దాన్ని తక్షణం బయటికి పంపవలెను."

"మరి సింగారి?" అని ఎవరో అడిగారు.

"దాని సంగతి రాయాలా ఏమిటి? అందరికీ తెలిసిందేగా!" అన్నారు వరహాలరావు గారు. అందరూ నవ్వి లేచిపోయారు.

రుచికి డబ్బు లేదన్న మాట మాత్రం ఎవరూ మర్చిపోలేదు.

మొదట తెగించింది కుందేలు. మెడకో తాటినార చుట్టుకుని, కొస మొగుడి చేతికిచ్చి వచ్చింది. "నేను పెంపుడు కుక్కని" అంది గుబురయ్యతో. ఆశ్చర్యం, భయమనలేదు. గుబురయ్యకి తీర్మానం కంఠతా వచ్చు. మెడలో పట్టీ ఉంది, కొస పట్టుకున్నవాడున్నాడు. లోపలికి పంపాడు. కుందేలు అటుకుల అర ముందు కూర్చుని, ఆ అర ఖాళీ అయ్యేదాకా రుచి చూసింది.

ఇక చూడాలి సందడి! ఉడుత ఉడుతని కట్టుకొచ్చింది, జింక జింకని కట్టుకొచ్చింది. గుబురయ్య మురిసిపోయి పట్టీలు కూడా అమ్మకానికి పెట్టాడు. అంజిబాబు మెడలో ఎర్రపట్టీ వేసుకుని పల్లీల అర దగ్గర తోక ఊపడం నేర్చుకుంటున్నాడు. "భౌ అనాలా?" అని అడిగాడు. "మీ ఇష్టమండీ" అన్నాడు గుబురయ్య.

వరహాలరావు గారు నాలుగు రోజులు నిగ్రహించుకున్నారు. పరిశుభ్రతని తనిఖీ చెయ్యాలంటే లోపలివాళ్ళలో ఒకరుగా ఉండాలి అని ఐదో రోజు పట్టీ కట్టించుకున్నారు. తనిఖీ బెల్లం దగ్గర మొదలై బెల్లం దగ్గరే ఆగింది.

సింగారి మాత్రం కిటికీ దగ్గరే ఉంది. గుబురయ్య ఇచ్చిన రవ్వని ఇంటికి తీసుకెళ్ళి, పురుగు ఏరి, కడిగి, మళ్ళీ ఏరి జావ కాస్తోంది. చిన్నది ఆ జావ రెండు గుక్కలు తాగి మొహం తిప్పేసుకుంటోంది. పిల్ల డొక్కలు లోపలికి పోతుంటే చూడటం సింగారి వల్ల కావడం లేదు.

పట్టీలతో వచ్చిన చిక్కు ఏమిటంటే, కుక్కకి రుచి ఉచితం, యజమాని నోట్లో వేసుకున్నదానికి మాత్రం బిల్లు పడుతుంది. నిన్న నేను యజమానిని, ఇవాళ నువ్వుండు అని దెబ్బలాటలు మొదలయ్యాయి. మొగుడూ పెళ్ళాం మాటలు మానేశారు. కొన్నాళ్ళకి అడవిలో యజమాని అన్నవాడే కరువయ్యాడు. ఒకనాటి పొద్దున కొట్టు ముందు అడవంతా నిలబడి ఉంది. ప్రతి మెడలోనూ పట్టీ ఉంది, ప్రతి పట్టీ కొసా నేల మీద ఉంది. చిత్రాంగి మేడమ్ కూడా పట్టీ వేసుకొచ్చింది. మేకమాంసం కొత్తగా దింపారని ఎవరో చెప్పారట. ఇంతమంది పెంపుడు కుక్కల్లో తనొకతె అయితే తప్పేమిటనుకుంది. పింకీని ఇంట్లో వదిలేసి వచ్చింది.

"యజమాని ఏడీ?" అన్నాడు గుబురయ్య తలుపుకి అడ్డంగా నిలబడి. అరలు సగం ఖాళీ, మిగతా సగం ఎంగిలి. ఇవాళ కూడా వీళ్ళు లోపలికొస్తే కొట్టు మూసుకోవడమేనని వాడికి అర్థమైంది. "యజమాని లేకపోతే వీధికుక్కలు. రూలు రూలే!"

అంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అప్పుడు వరహాలరావు గారి చూపు కిటికీ మీద పడింది. అక్కడ సింగారి ఉంది. దాని మెడ ఖాళీ. అడవి మొత్తంలో ఖాళీగా ఉన్న మెడ అదొక్కటే.

"సింగారి గారూ!" అన్నారాయన. ఆ "గారు" విని సింగారి వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది. "ఒక్కసారి ఈ కొసలు పట్టుకుంటారా అమ్మా?"

"నేను కుక్కని కదండీ?"

"అయ్యో, ఎవరన్నారమ్మా ఆ మాట?"

"మీరే అన్నారు, సభలో."

"సభలో సవాలక్ష అంటాం తల్లీ, అవన్నీ మనసులో పెట్టుకుంటారా!"

"ఇన్నాళ్ళూ మూతి పెట్టకూడదన్నారు" అంది సింగారి. "ఇప్పుడు మీ అందరి పట్టీలూ నా నోట్లో పెడతారా? సరే. కానీ లోపలికొచ్చాక రవ్వ నేనే వాసన చూసి తీసుకుంటా. అడ్డం రాకూడదు."

"మీ కొట్టే అనుకోండి!" అన్నారు అందరూ.

పట్టీల కొసలన్నీ కలిపి సింగారి నోటికిచ్చారు. గుబురయ్య తలుపు దగ్గర్నుంచి పక్కకి జరిగాడు. తీర్మానం ప్రకారం కొస పట్టుకున్న ప్రాణి యజమాని. "రండి మేడమ్" అన్నాడు అలవాటుగా.

సింగారి ముందు నడిచింది, వెనకాల అడవి పెద్దలందరూ. ఎవరి అర ముందు వాళ్ళు కూలబడ్డారు. సింగారి ఒక్కొక్క అరే వాసన చూసుకుంటూ పోయింది. పప్పులో ఎలుగు వాసన, బెల్లంలో బురద వాసన, అటుకుల్లో కుందేలు నోటి వాసన. అన్నీ దాటి వెనక గదిలోకి వెళ్ళింది. అక్కడ మూలన, గుబురయ్య తన ఇంటికోసం దాచుకున్న రవ్వ సంచీ ఉంది. మూతి కుట్టి ఉంది. సింగారి ముక్కు దగ్గరపెట్టి గట్టిగా పీల్చింది. కొత్త గోధుమ వాసన! కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

దాన్ని పట్టుకెళ్ళాలంటే నోటితో పట్టుకోవాలి. నోటి నిండా పట్టీలున్నాయి.

సింగారి పెద్దగా ఆలోచించలేదు. నోరు తెరిచింది. పట్టీలన్నీ నేల మీద పడ్డాయి. రవ్వ సంచీ కరుచుకుంది.

"యజమాని వదిలేసింది!" అని గుబురయ్య పొలికేక పెట్టాడు. ఎన్నాళ్ళనుంచో ఆ కేక కోసం ఎదురుచూస్తున్నట్టు చీపురందుకున్నాడు. "వీధికుక్కలు! తక్షణం బయటికి!" చిత్రాంగి మేడమ్‌ని కూడా చూడలేదు. దివాలా తీయబోయేవాడికి కోరలు కనపడవు. అందరినీ ఊడ్చి గుమ్మం అవతల పడేసి తలుపు వేసేశాడు.

"లోపల ఇంకో కుక్క ఉంది!" అని వరహాలరావు గారు అద్దం మీద మూతి పెట్టి అరిచారు.

"ఆవిడకి పట్టీ లేదండీ" అన్నాడు గుబురయ్య. "పట్టీ లేనివాళ్ళ గురించి మీరు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. సరుకేమైనా కావాలా? కిటికీ దగ్గరికి రండి, కట్టిస్తా."

సింగారి రవ్వకి డబ్బు బల్ల మీద పెట్టి, సంచీతో గుమ్మంలోంచే బయటికొచ్చింది. కిటికీ ముందు పెద్ద వరస ఉంది. "నన్ను వాసన చూడనివ్వవయ్యా!" అని వరహాలరావు గారు లోపలికి మూతి దూర్చబోతున్నారు, గుబురయ్య చీపురుతో నెడుతున్నాడు. సింగారి ఆగలేదు. ఇంట్లో జావ కాచాలి. ఆ సాయంత్రం చిన్నది గిన్నె అడుగు నాకి, ఇంకా కావాలని తోక ఎత్తింది.

నీతి: ఎవరిని గుమ్మం బయట ఆపాలో తేల్చే సభని గుమ్మం బయటే పెట్టుకోండి, తర్వాత బయట నిలబడటం అలవాటు చేసుకునే శ్రమ తప్పుతుంది.