మా వంటింటి గోడమీద బాలశౌరి తాపీ

నమ్మకమైన మేస్త్రి దొరకడం కంటే మనిషికి పెద్ద దురదృష్టం ఇంకొకటి లేదు!

నవ్వుతారని తెలుసు. నవ్వండి. నవ్వడం అయ్యాక, అలాంటి మేస్త్రి చేత ఇల్లు పెంచుకున్న మీ బంధువుల సంగతి ఒక్కసారి ఆలోచించండి. మేస్త్రి వస్తానన్న రోజున వచ్చాడు. కడతానన్నది కట్టాడు. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. ఇక ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడానికి ఏం మిగిలింది? ఇరుగుపొరుగు వచ్చి పలకరించడానికి ఏం మిగిలింది? పాపం, గది ఒక్కటే మిగిలింది!

మా ఇల్లు అలా కాదు. మాచర్లకు దగ్గర్లో ఒక ఊరు, ఆ ఊళ్ళో మిషన్ బడి, ఆ బడికి రాజారత్నం అనే పంతులు. ఆ పంతుల్ని నేనే. నా భార్య పేరు ఎస్తేరు. మా వంటింటిని పెంచే పని రెండు వానాకాలాల పాటు నడిచింది. అన్నాళ్ళూ మా ఇంట్లో మాటలకు కరువు వచ్చిందంటే ఒట్టు!

అసలు ఆ పని ఎందుకు తలపెట్టామో చెప్పాలి. మా పాత వంటిల్లు ఇంటి వెనక దించిన ఇరుకు వసారా. దానికి కిటికీ లేదు. పొయ్యిలో పత్తికట్టె పెడితే పొగ ఎటూ పోయే దారి లేక ఎస్తేరు కళ్ళలోకే పోయేది. ఆవిడ కళ్ళు ఎప్పుడూ ఎర్రగా, నీళ్ళు కారుతూ ఉండేవి. ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ చూసి, ఇంకొన్నాళ్ళు ఆ పొగలోనే కూర్చుంటే చూపుకే ముప్పని చెప్పింది.

అందుకని వెడల్పాటి వంటగది, దానికో పెద్ద కిటికీ అనుకున్నాం. ఆ కిటికీకి గడియ మాత్రం నేనే స్వయంగా మాచర్ల బజారుకు వెళ్ళి తెస్తానని ఎస్తేరుకు మాటిచ్చాను. ఇంటి యజమాని అన్నాక ఆ మాత్రం బాధ్యత తీసుకోవద్దూ!

ఇక నమ్మకమైన మేస్త్రిని వెతకాలి. మా పల్నాడులో మేస్త్రిని అతను కట్టిన గోడలు చూసి ఎన్నుకోరు. అది తెలివిలేని వాళ్ళ పద్ధతి. మేము చుట్టరికం చూస్తాం. బాలశౌరి మా ఎస్తేరు మేనత్తగారి తోటికోడలికి అక్క కొడుకు. ఎస్తేరును "వదినె" అని నోరారా పిలుస్తాడు. ఇంతకంటే గ్యారంటీ ఏం కావాలి? అగ్రిమెంటు రాసుకుందామన్న మాట నాకు నోటిదాకా వచ్చింది గాని, చుట్టాలు నొచ్చుకుంటారని మింగేశాను.

వచ్చిన మొదటి రోజే బాలశౌరి పాత వంటిల్లు కూల్చేశాడు. కూల్చడంలో అంత నిజాయితీ ఉన్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు! పొద్దున టీ తాగి మొదలుపెట్టాడు. మధ్యాహ్నం భోజనం వేళకు వంటిల్లూ లేదు, భోజనమూ లేదు.

తర్వాత పునాది తీశాడు. నాపరాళ్ళు దింపించాడు. గానుగ సున్నం పెట్టి గోడను నడుం ఎత్తుకు లేపాడు. సరిగ్గా అప్పుడే సాగర్ నుంచి పిలుపు వచ్చింది. అక్కడ డ్యాం లేస్తోంది కదా, తాపీ పట్టిన ప్రతివాడూ అటే పోతున్నాడు. బాలశౌరీ పోయాడు. పోయే ముందు గోడమీది పచ్చి సున్నంలో తన తాపీని నిలువుగా గుచ్చాడు.

"చూడు వదినె, నా తాపీ ఈడ్నే ఉంది. తాపీ ఉన్న కాడికి మేస్త్రి రాకుండా ఎట్టా పోతాడు? ఇట్టా పోయి అట్టా వస్తా."

ఎస్తేరు తాపీ వంక చూసింది, బాలశౌరి వంక చూసింది. "తాపీ ఈడుంటే ఆడ దేంతో కడతావయ్యా?" అంది.

ఆడవాళ్ళకు ఇలాంటి అనుమానాలు వస్తూనే ఉంటాయి. మనం పట్టించుకోకూడదు.

బయటి ఊళ్ళ పాఠకుల కోసం ఈ తాపీ సంగతి కాస్త వివరిస్తాను. మా వైపు మేస్త్రి పని మధ్యలో ఆపి వెళ్తూ గోడలో తాపీ గుచ్చాడంటే, ఆ గోడ అతనిదని అర్థం. అతను వచ్చి తీసేదాకా ఇంకో మేస్త్రి దానిమీద రాయి పెట్టడు. పెడితే తోటి మేస్త్రీలు వాడి పక్కన కూర్చుని టీ కూడా తాగరు. కోర్టువారు స్టే ఇస్తే పైకోర్టుకు పోయి ఎత్తేయించుకోవచ్చు. తాపీ మీద అప్పీలు లేదు!

ఇప్పుడు లాభాలు చూడండి. మొట్టమొదటిది, నాకు దేశసంచారం. బడికీ ఇంటికీ మధ్య బతుకు వెళ్ళదీస్తున్న నేను మేస్త్రీల కోసం మాచర్ల, వెల్దుర్తి, బెల్లంకొండ అన్నీ తిరిగాను. వెల్దుర్తి మేస్త్రి మా పెరట్లో అడుగుపెట్టి, తాపీ చూసి, చెప్పులు కూడా విడవకుండా వెనక్కు తిరిగాడు. బెల్లంకొండ ఆయన మర్యాదస్తుడు. టీ తాగాడు. గోడ తట్టి చూసి బాగుందన్నాడు. అప్పుడు కనిపించింది తాపీ. వెంటనే తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఎవరిది మాస్టారూ?"

"బాలశౌరిది."

"చానా మంచోడండీ. వస్తాడు లెండి," అని, పరామర్శకు వచ్చినవాడిలా గొంతు తగ్గించి చెప్పి వెళ్ళిపోయాడు.

రెండో లాభం ఆరోగ్యం. గదిలో పొగ ఎక్కువైందనే కదా మా బాధ? ఇప్పుడు గదే లేదు! కప్పు వేయకుండా పొగను బయటికి పంపే ఉపాయం ఏ ఇంజనీరుకైనా తట్టిందా? బాలశౌరికి తట్టింది! వాన పడితే మాత్రం ఎస్తేరు ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో గరిటె పట్టుకునేది. పులుసు పలచనైందేమని నేను ఎవర్నీ కోప్పడాల్సిన అవసరం లేకపోయింది. తడిసిన కట్టె మామూలు కంటే ఎక్కువ పొగ ఇస్తుందనుకోండి. ఆ విషయం డాక్టరమ్మకు చెప్పలేదు.

ఇక దేశభక్తి సంగతి. ఒకసారి బస్సెక్కి సాగర్ వెళ్ళాను. ఎంతో పైన, పరంజా మీద బాలశౌరి కనిపించాడు. చేతిలో కొత్త తాపీ తళతళలాడుతోంది. మా వంటింటి గోడ సంగతి ఎత్తేసరికి పైనుంచే జాలిగా చూశాడు.

"కిష్ణకే అడ్డంగా గోడ కడతావుంటే, వంటింటి గోడంటారేంది మాస్టారూ!"

నాకు సిగ్గేసింది. నిజమే కదా! లక్షల ఎకరాల ముందు నా పొయ్యి ఎంత? ఇంటికొచ్చి ఎస్తేరుతో, "మన వంటిల్లు కూడా పంచవర్ష ప్రణాళికలో ఉందనుకో," అని నచ్చజెప్పాను. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పొగ వల్లే అనుకున్నాను.

ఇరుగుపొరుగు స్నేహం కూడా చెప్పుకోవాలి. మా పక్కింటి జైనాబ్ బీ ఆ గోడమీద మిరపకాయలు ఎండబెట్టుకునేది. కాయలు తిప్పేటప్పుడు కూడా తాపీకి చెయ్యి తగలకుండా జాగ్రత్తపడేది. అంత గౌరవం దానికి!

ఇంత ప్రశాంతంగా సాగుతున్న సంసారంలో ఒకనాడు అట్లకాడ విరిగింది. పెనం మీది అట్టు చూస్తుండగానే మాడి బొగ్గయింది. ఎస్తేరు దాన్ని తీసి అవతల పారేసింది. తర్వాత రోకలి తీసుకుని గోడ దగ్గరికి నడిచింది. ఎండిపోయిన సున్నం మీద గట్టిగా పొడిచింది. తాపీ ఊడి ఆవిడ చేతికి వచ్చింది. బూడిదతో తోమింది, కడిగింది, వచ్చి కూర్చుని దాంతో రెండో అట్టు తిరగేసింది!

నేను పీటమీంచి ఎగిరి లేచాను.

"ఏం పనే అది! మేస్త్రి తాపీ!"

"చానా బాగా తిరగేసుద్ది. మీకింకోటి వెయ్యనా?"

ఉన్నమాట చెప్పాలి. అట్టు బాగానే ఉంది.

జైనాబ్ బీ మిరపకాయల కోసం వచ్చి ఆ దృశ్యం చూసింది. "యా అల్లా! బాలశౌరి తాపీతో అట్లా!" అని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. ఇక చెప్పాలా? ఆ మాట బావికాడికి పోయింది, అక్కణ్ణుంచి మాచర్ల బస్సెక్కింది, మాచర్లలో దిగి సాగర్ బస్సు పట్టుకుంది. నేను ఎన్నిసార్లు కబురు పంపినా చేరని చోటికి ఒక్క అట్టు చేరింది.

బాలశౌరి వచ్చాడు! ఒక్కడే కాదు, మాచర్లలో మేస్త్రీలందరికీ పెద్ద అయిన ఏలియాను వెంటబెట్టుకుని వచ్చాడు. వెనకాల ఇంకా బోలెడుమంది. వెల్దుర్తి ఆయనా ఉన్నాడు, బెల్లంకొండ ఆయనా ఉన్నాడు. మా పెరట్లో నిలబడటానికి చోటు చాలలేదు. పల్నాడులో మేస్త్రీలు దొరకడం లేదన్నది ఎవరండీ?

బాలశౌరికి నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి. "మా నాయన పట్టిన తాపీ అది! దాన్ని పెనం మీద పెట్టింది మాస్టారూ! నేను నలుగుర్లో తలెత్తుకుని ఎట్టా తిరిగేది?"

ఏలియా గొంతు సవరించుకున్నాడు. "తాపీ పెరకటం తప్పే అమ్మా. పెరికినోళ్ళు తప్పైందని నలుగురి ముందరా అనాల. ఆ ఒక్క మాట అని తాపీ ఇచ్చెయ్. అయిపోద్ది."

నేను అప్పటికే చేతులు జోడించాను. ఎస్తేరు నా వంక ఒక్క చూపు చూసింది. చేతులు దించుకున్నాను.

"అట్టనే పెద్దయ్యా, చెప్తా," అంది ఎస్తేరు. "చెప్పకుండా ఎట్టా పోతా? కాకపోతే ఇంటి ఆడది మొగోళ్ళ పంచాయితీలో నడిపెరట్లో నిలబడి మాట్టాడుద్దా? వంటింటి తలుపు చాటునుంచి మాట్టాడటం మర్యాద. మా అమ్మా అట్టనే చెప్పింది, మా అత్తా అట్టనే చెప్పింది. నా వంటిల్లు యాడుందో చూపించండి, లోపలికి పోయి తప్పైందని చెప్తా."

అంతసేపూ ఆవిడ నడిపెరట్లో నిలబడే మాట్లాడిందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. అందరూ తలలాడించారు. ఆచారం మీద ఇంత దూరం వచ్చినవాళ్ళు ఆచారాన్ని ఎట్లా కాదంటారు? ఏలియా ఆ నడుం ఎత్తు గోడ వంక చూశాడు. కట్టెల మీద కప్పిన గోనెపట్టా వంక చూశాడు. ఎర్రబడిన ఎస్తేరు కళ్ళ వంకా చూశాడు. ఆయన ముఖం మాడిపోయింది.

"లెయ్యరా బాలశౌరీ," అన్నాడు. "ఆయమ్మ తప్పు ఒప్పుకోటానికి చోటు కట్టు."

ఇక చూడాలి ఆ పని! ఒకరు సున్నం కలిపారు, ఒకరు రాయి అందించారు, ఏలియా నూలుతాడు పట్టి గోడ వంకర చూశాడు. గోడ లేచింది, పైన నాపరాళ్ళు పరిచారు, తూర్పున పెద్ద కిటికీ నిలబెట్టారు. ఎస్తేరు అందరికీ అట్లు వేసి పెట్టింది. దేంతో తిరగేసిందో అడక్కండి. ఎవరూ అడగలేదు. బాలశౌరి కూడా మారు వేయించుకుని తిన్నాడు.

గది పూర్తయిన రోజున ఆవిడ లోపలికి వెళ్ళి, తలుపు చాటున నిలబడి, తప్పైందంది. అందరికీ స్పష్టంగా వినిపించింది. తాపీని శుభ్రంగా తుడిచి బాలశౌరి చేతికిచ్చింది. అతను కళ్ళకద్దుకున్నాడు.

నాకు మాత్రం కోపం వచ్చింది. రెండు వానాకాలాలు ఎస్తేరు నెత్తిన వాన కురిసింది. పొగ చూపును తినేస్తూ వచ్చింది. అది చూసి ఎవరికీ తల కొట్టేసినట్టు అనిపించలేదు. ఒక ఇనుపముక్క పెనానికి తగిలితే ఊళ్ళకు ఊళ్ళు బస్సెక్కి వచ్చాయి! ఆ వచ్చినవాళ్ళను తిట్టుకుందామంటే, అన్నాళ్ళూ ఇంట్లో కూర్చుని లాభాలు లెక్కపెట్టినవాడు వాళ్ళలో లేడు. వాడు ఈ వ్యాసం రాస్తున్నాడు.

పెన్సిలుతో రాస్తున్నాడు. నా ఫౌంటెన్ పెన్ను పొద్దుటి నుంచి కనిపించలేదు. ఇన్‌స్పెక్టరు దొరగారు నా పాఠం మెచ్చుకుని బహుమతి ఇచ్చిన పెన్ను అది. బడిలో వెతికాను, బీరువాలో వెతికాను. ఇప్పుడే దొరికింది. కొత్త వంటింటి కిటికీ రెక్కల మధ్య, నేను తెస్తానన్న గడియ ఉండాల్సిన చోట అడ్డంగా గుచ్చి ఉంది.

"దాన్ని తియ్యబాకండి, రెక్కలు కొట్టుకుంటయ్," అంది ఎస్తేరు పొయ్యి దగ్గర్నుంచి, తల కూడా ఎత్తకుండా. "గడియ వచ్చిందాకా అది ఆడ్నే ఉండుద్ది."

కిటికీ అవతల జైనాబ్ బీ బుగ్గన చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

మాచర్ల బస్సు హారన్ వినిపిస్తోంది. చెప్పులు వేసుకుంటున్నాను.