మేయరుగారి అయిదో రాజీనామా

రివాస్కా పౌరులారా! మన మేయరు ఉబాల్డోగారు మళ్ళీ రాజీనామా చేస్తారేమోనని మీలో కొందరు దిగులు పడుతున్నారట. సిగ్గుచేటు! మేయరు తరచూ రాజీనామా చెయ్యడం ఊరికి అరిష్టం కాదు, అదృష్టం. ఇటలీలో ఇన్ని వేల ఊళ్ళున్నాయి. మూడున్నరేళ్ళలో అయిదుసార్లు రాజీనామా చేసి, ఇంకా అదే కుర్చీలో కూర్చున్న మేయరు ఎవరికి దొరికాడు?

పద్ధతి మీకు తెలిసిందే. పత్రం ఇచ్చాక ఇరవై రోజుల గడువు. ఆ లోపల వెనక్కి తీసుకుంటే ఏమీ జరగనట్టే. తీసుకోకపోతే పదవి గల్లంతు, పైనుంచి ప్రభుత్వ అధికారి దిగుతాడు.

ఆ ఇరవై రోజులూ మన ఊరికి పండగ కాదూ? పన్నెండేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములు ఒకే బార్లో పక్కపక్కన నిలబడి కాఫీ తాగుతూ ఆయన్ని తిడతారు. బ్యాండువాళ్ళు ఆయన కిటికీ కింద వాయిస్తారు. ప్రతిపక్ష నాయకుడైతే "మమ్మల్ని వదిలి పోవద్దు" అని కళ్ళు తుడుచుకుంటాడు. ఆ కుర్చీలో తను కూర్చోవలసి వస్తుందని ఆయన భయం! ఇంత ఐకమత్యం ఏ పథకం తేగలదు?

ఆయన ఎప్పుడు రాజీనామా చేస్తారో గమనించారా? వంతెన ఫైలు బల్ల మీదికి వచ్చినప్పుడల్లా!

తోర్బా నది మీది వంతెనలో పగులు కనిపించిందని నాలుగేళ్ళ కిందట మూసేశారు. పగులు పూడ్చారు. గట్టిగా ఉందని ఇంజినీరు రాసిచ్చాడు. మిగిలింది తెరవమనే ఉత్తర్వు మీద మేయరు సంతకం. కానీ రేపు ఒక రాయి ఊడిపడితే కోర్టు మెట్లెక్కేది ఎవరు? సంతకం పెట్టినవాడే! మూసినవాణ్ణి మాత్రం ఇంతవరకూ ఏ జడ్జీ పిలవలేదు. అందుకే ఫైలు రాగానే ఆయన నొచ్చుకునేవారు, రాజీనామా చేసేవారు. "రాజీనామా చేసినవాణ్ణి, నేనెలా పెట్టను?" అనేవారు. నిజమే కదా అని మనం తలలూపేవాళ్ళం.

తల ఊపనిది ఒక్క లొరెదానా. వంతెనకి అవతలి ఒడ్డున రొట్టెల కొట్టు ఆమెది. ఊరేమో ఇవతల. క్వారీ రోడ్డు చుట్టూ తిరిగి యాభై నిమిషాలు ప్రయాణం చేసి రొట్టె కొనుక్కునేదెవరు? నెలాఖరుకి కొట్టు మూసేద్దామని తాళం కూడా కొనుక్కుంది.

అయిదో రాజీనామా ఇరవయ్యో రోజు పొద్దున్నే ఆమె మేయరుకి ఫోన్ చేసింది. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద చదువుకున్నారు.

"ఒరే ఉబాల్డో, చివరి రొట్టె కాలుస్తున్నాను. నీ చేత్తో కోసి పెట్టు. మీ మేయర్ల మూడు రంగుల పట్టీ వేసుకుని రా."

కొయ్యడానికి పిలిస్తే రానివాడు మేయరెలా అవుతాడు? క్వారీ రోడ్డున చుట్టూ తిరిగి వెళ్ళారు. పొయ్యి దగ్గర "ఇంకో అయిదు నిమిషాలు" అని ఆమె నాలుగుసార్లు అంది. రొట్టె కోసి వాచీ చూసుకునేసరికి పన్నెండు దాటింది. ఉపసంహరణ పత్రం జేబులోనే ఉంది. మునిసిపల్ ఆఫీసు కౌంటరు పన్నెండున్నరకి మూసేస్తారు.

క్వారీ రోడ్డున యాభై నిమిషాలు. వంతెన మీదుగా నాలుగు!

ఆయన పరుగెత్తుకుంటూ వంతెన దగ్గరికి వచ్చారు. మునిసిపల్ పోలీసు ఇవానో చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎవరూ దాటకూడదు సార్."

"నేనయ్యా, మేయర్ని! గుర్తుపట్టలేదూ?"

"పట్టీ చూసే గుర్తుపట్టాను సార్. ఆర్డరు మీదే. కింద సంతకం కూడా ముత్యాల్లా ఉంది."

వెనకే లొరెదానా వచ్చింది, పిండి చేతుల్లో తెరవమనే ఉత్తర్వు పట్టుకుని.

"మేయరువైతే దీని మీద పెట్టి దాటు. కాకపోతే ఈ పరుగు దేనికిరా?"

"రాజీనామాలో ఉన్నానే! నా సంతకం చెల్లదు!"

"ఇరవై రోజులూ నువ్వు పూర్తి మేయరువే. కౌంటరు గుమాస్తానడిగి మరీ వచ్చాను. అయిదుసార్లు మా చెవుల్లో పూలు పెట్టావు, చాల్లే."

"పెన్ను లేదు."

"నా దగ్గర రెండున్నాయి. ఏ రంగు కావాలి?"

పన్నెండూ పదహారుకి రివాస్కా మేయరు వణికే చేత్తో సంతకం పెట్టారు. రాయి ఊడిపడుతుందేమోనని మునివేళ్ళ మీద వంతెన దాటారు. పన్నెండూ ఇరవై అయిదుకి పత్రం కౌంటర్లో పడింది. మళ్ళీ నిక్షేపంలాంటి మేయరు! పన్నెండూ ఇరవై ఎనిమిదికి కుర్చీలో కూర్చుని ఆయన చేసిన మొదటి పని, వంతెన మూసెయ్యమని కొత్త ఉత్తర్వు రాయడం. ఈసారి చెయ్యి వణకలేదు.

వంతెన తెరిచి ఉన్నది పన్నెండు నిమిషాలు. లొరెదానాకి అవి చాలు. తన రొట్టెల వ్యాను నడివంతెన మీదికి తోలి, హ్యాండ్‌బ్రేకు లాగి, తాళంచెవి జేబులో వేసుకుంది.

"వంతెన ఖాళీ చేయించాకే మూయాలి" అని ఉంది ఉత్తర్వులో. వ్యాను తియ్యాలంటే క్రేను రావాలి. అంత బరువు వంతెన మీదికి ఎక్కాలంటే ఎవరి అనుమతి కావాలి? మేయరుది! రాతపూర్వకంగా! సంతకంతో!

ఇది జరిగి అయిదు వారాలు. ఊరంతా నడివంతెన మీదికి వెళ్ళి రొట్టె కొంటోంది. బ్యాండువాళ్ళు ఇప్పుడు అక్కడే వాయిస్తున్నారు. కొన్న తాళం లొరెదానా తిరిగి ఇచ్చేసింది. మేయరుగారూ రోజూ వస్తారు. వ్యాను కిటికీ దగ్గర దారానికి ఒక పెన్ను వేలాడుతుంటుంది. పక్కనే వంతెన శాశ్వతంగా తెరవమనే కాగితం. ఆయన వాటికేసి చూడకుండా రొట్టె తీసుకుంటారు.

నిన్న మాత్రం నిట్టూర్చారు.

"ఇలా అయితే రాజీనామా చేస్తాను, లొరెదానా."

"చెయ్యి నాయనా," అందామె, పెన్ను అందిస్తూ. "దానిక్కూడా సంతకం కావాలిగా."